ఎడమది పొడుగు, కుడిది పొట్టి



ఏప్రిల్ 14 అయిపోయి నెలన్నర దాటింది. ఇంకా ఫోన్లు వస్తనే ఉన్నయి. "సార్, ఈసారి మీ ఊర్ల జీపు మీద బాబాసాహెబ్ ఫొటో పెట్టి చావడి ముంగట్నుంచి తీస్తమన్నరు. మరి జీపు ఎందుకు కనబడలే?" అని అడుగుతున్నరు. భయపడ్డరా అని అడిగినోళ్లు కూడ ఉన్నరు. ఒక్కొక్కరికి చెప్పుడు కన్నా ఒక్కతాన రాస్తే నయమనిపించింది. ఈ వారం సాహిత్యం లేదు. రెండు ఇనుప కడ్డీల కథ ఉంది.

మాది సదాశివపేట దాటినంక పెద్ద రోడ్డు దిగి లోపలికి పోయే ఊరు. మా నాయిన సంగారెడ్డిల ఒక సర్కారు ఆఫీసుల రోజు కూలి మీద జీపు కడిగేటోడు. ఎనిమిదేండ్లు కడిగిండు. డ్రైవరు చాయ్ తాగ పోయినప్పుడల్ల స్టీరింగు పట్టుకొని కూసునేది. అట్ల చూసి చూసి నేర్చుకొని లైసెన్సు తీసిండు. 1994ల ఆ ఆఫీసోళ్లు పాత బండ్లను వేలం వేసిండ్రు. అవ్వ ఎత్తిన చిట్టీ పైసలకు ఇద్దరు దోస్తుల దగ్గర తెచ్చిన బాకీ కలిపి, తాను కడిగిన జీపునే కొన్నడు. మా వాడకు వచ్చిన మొదటి మోటరు బండి అది.

సిజె-3బి అంటరు దాన్ని. బానెటు ఎత్తుగ, మనిషి తల ఎత్తుకొని నిలబడ్డట్టు ఉంటది. విల్లీస్ కంపెనీ 1941 నుంచి అమెరికా సైన్యానికి చేసిన జీపుకు ఇది వారసురాలు. అమెరికాల 1953ల వచ్చింది. మన దగ్గర మహీంద్రా వాళ్లు దీన్ని ఏండ్ల తరబడి చేసిండ్రు. తెలంగాణ పల్లెల జీపు అంటే ముగ్గురే గుర్తుకొస్తరు: దొర, పోలీసు, ఓట్లకు వచ్చే నాయకుడు. జీపు చప్పుడు వినబడితే మా తాత పంచె సదురుకొని లేచి నిలబడేటోడట. 1948 సెప్టెంబరుల సోలాపూర్ దిక్కు నుంచి జహీరాబాద్ మీదుగ హైదరాబాద్‌కు సైన్యం వచ్చింది కూడ మా పెద్ద రోడ్డు మీదనే. అసువంటి బండి స్టీరింగు ముంగట మాదిగ వాడ మనిషి కూసునుడంటే ఊరికి అది చిన్న ముచ్చట కాదు.

నాయిన దాన్ని సదాశివపేటకు, ఊరికి మధ్యల కిరాయికి నడిపిండు. వెనక సీట్లు నిండేయి. ముందు సీటు ఖాళీగ ఉండేది. నాయిన పక్కన కూసునుడు ఇష్టం లేక వెనక కడ్డీ పట్టుకొని నాలుగు కిలోమీటర్లు వేలాడుకుంట వచ్చిన ఒక పెద్దమనిషి నాకు ఎరుకే. అదే మనిషి ఒక అర్ధరాత్రి మా తలుపు కొట్టి, నొప్పులు పడుతున్న కోడలిని వెనక పండుకోబెట్టి, తాను ముందు సీట్ల నాయిన పక్కన కూసొని సంగారెడ్డి దవాఖానకు పోయిండు. మనుమడు పుట్టిండు. తెల్లారి మళ్ల కడ్డీనే పట్టుకున్నడు. పీహెచ్‌డీల నేను కులం గురించి వందల పేజీలు రాసిన. ఆ కడ్డీని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

తర్వాత ఆటోలు వచ్చినయి. జీపు యాపచెట్టు కిందికి చేరింది. నాయిన నెలకొకసారి స్టార్టు చేస్తడు, అంతే.

పోయినేడు జయంతికి ట్రాక్టరు మాట్లాడుకున్నం. ఊరేగింపు చావడి ముంగట్నుంచి పోతదని తెలిసినంక, ఆ ట్రాక్టరాయన తెల్లారి ఫోన్ ఎత్తలేదు. మా వాడలనే తిరిగి ముగించినం. అప్పుడు పిల్లలు అన్నరు, "మనకు జీపు ఉండంగ ఇంకొకల్ల బండి ఎందుకన్నా?" అని. నాకు చాలీస్‌గావ్ యాదికొచ్చింది.

ఈ ముచ్చట అంబేద్కర్ స్వయంగ రాసుకున్నదే. 1929ల ఆయన బొంబాయి ప్రభుత్వం వేసిన ఒక కమిటీ సభ్యుడు. ఖాందేశ్‌ల సాంఘిక బహిష్కారం జరిగిన ఊరికి విచారణకు పోయి, తిరిగొస్తుంటే చాలీస్‌గావ్ మహర్లు ఒక రాత్రి మా దగ్గర ఉండుమని బతిమిలాడిండ్రు. స్టేషన్ నుంచి మహర్‌వాడకు టాంగా మాట్లాడిండ్రు. ఒక మహర్‌ను ఎక్కించుకొని తోలుడు టాంగావాళ్లకు నామోషీ. ఆఖరికి టాంగా ఇస్తం, తోలేటోన్ని మాత్రం మీరే తెచ్చుకోండి అన్నరు. టాంగా ఎన్నడూ తోలని మహర్ ఒకాయన పగ్గాలు పట్టిండు. కల్వర్టు కాడ చక్రం రాళ్ల సందుల ఇరికింది. బాబాసాహెబ్ ఎగిరి రాళ్ల మీద పడ్డడు. కాలు విరిగింది. గుర్రం, బండి కింద వాగుల పడ్డయి.

ఈ ముచ్చటను మనం సభలల అంటరానితనానికి సాక్ష్యంగ చెప్తం. అది నిజమే. కానీ అందుల ఇంకొకటి కూడ ఉంది. మన మర్యాద నిలబెట్టుకోవాలంటే మన బండి మనమే తోలాలె. తోలుడు రాకుంట తోలితే మాత్రం దెబ్బ తగిలేది మనల్నే. రెండో మాట మనం పెద్దగ చెప్పం.

సరే, జీపుకొద్దాం. మార్చి రెండో వారంల దాన్ని సర్వీసింగుకు సదాశివపేట తీసుకపోయినం. స్టీరింగు నాయినదే. మార్కెట్ మలుపుల టక్కుమని చప్పుడైంది. వెనక ఎడమ చక్రం డ్రమ్ముతో సహా ఊడి మా ముంగట్నుంచే ఉరికి బత్తాయిల బండి కాడ పడిపోయింది. జీపు ఎడమ దిక్కు కూలబడ్డది. ఎవ్వరికీ ఏం కాలేదు. నాయిన బండి దిగి ముందుగాల బత్తాయిలమ్మే అమ్మను చూసిండు, తర్వాత చక్రాన్ని చూసిండు.

విరిగింది ఎక్సల్ రాడ్డు. మన మాటల ఇరుసు. బస్సులు, లారీలల బరువు మోసేది బయటి గొట్టం. లోపలి రాడ్డు చక్రాన్ని తిప్పుతది, అంతే. అది విరిగినా చక్రం ఊడదు. మా జీపుల అట్ల కాదు. తిప్పుడూ, మోసుడూ రెండు పనులూ ఒక్క రాడ్డు మీదనే. బేరింగు బయట విరిగితే చక్రం తనతోవ తను చూసుకుంటది.

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి సికింద్రాబాద్ రాణిగంజ్ పోయిన. మొదటి దుకాణంల అడిగిన. "ఎన్ని పళ్లు?" అన్నడు. రాడ్డు లోపలి కొసకు గేర్లల దిగే గాట్లుంటయి, వాటి లెక్క. నాకు తెల్వదు. "ఎడమదా, కుడిదా?" ఎడమది. "పొడుగెంత?" తెల్వదు. ఆయన కండ్లద్దాలు తీసి, "ఏం చేస్తరు మీరు?" అన్నడు. తెలుగు లెక్చరర్‌నని చెప్పిన. "ముందు పళ్లు లెక్కపెట్టుకొని రాండి సార్" అన్నడు. తిట్టలేదు. కానీ ఇరవై ఏండ్ల చదువుల నన్ను ఎవరూ అంత చిన్నగ, అంత సరిగ్గ సదిరించలేదు.

ఇంటికొచ్చి నాయిన, నేను మిగిలిన ముక్క బయటికి తీసినం. పది పళ్లు. దీని జీపులల పాతవాటికి పది, తర్వాతవాటికి పంతొమ్మిది ఉంటయట. దుకాణాలల దొరికేది పంతొమ్మిదే. అది పెట్టాలంటే లోపల సైడు గేర్లు కూడ మార్చాలె, రెండు రాడ్లూ మార్చాలె. ఇంకొకటి. ఈ బండ్లల వెనక గుండు, అంటే గేర్ల డబ్బా, సరిగ్గ నడుమ ఉండదు, కుడికి జరిగి ఉంటది. అందుకే ఎడమ రాడ్డు పొడుగు, కుడిది పొట్టి. ఒకదాని చోట ఇంకొకటి పనికిరాదు.

గురువారం నాడు జుమ్మేరాత్ బజార్ పోయిన. పాత ఇనుము గుట్టల నడుమ రెండు గంటలు తిరిగితే పది పళ్ల రాడ్డు ఒకటి దొరికింది. పానం లేచొచ్చింది. కొలిస్తే పొట్టిది. కుడిది. అయినా కొన్న, ఎన్నడన్న పనికొస్తదని. విజయవాడ ఆటోనగర్‌ల తెలిసినోళ్లతోని అడిగిపిస్తే, పాత బండి మొత్తం కొంటే ఇస్తం అన్నరు.

మనం ఉండేది ఎట్లాంటి జాగల! రామచంద్రాపురంల భెల్. ఎద్దుమైలారంల సైన్యానికి యుద్ధ వాహనాలు చేసే ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ. జహీరాబాద్‌ల మహీంద్రా ప్లాంటు. ఒకప్పటి ఆల్విన్ నిస్సాన్ అది. కందిల ఐఐటీ. ఇంత ఇనుము కరిగే జిల్లాల మూడడుగుల కడ్డీ దొరకదా అని నాకు కోపం వచ్చింది. మా డిగ్రీ ఫస్టియర్ పిల్లగాడొకడు అన్నడు, "సార్, కొనుడు ఎందుకు? చేపియ్యొచ్చు. మా చిన్నాయిన లేతు మీద చేస్తడు."

ఆ చిన్నాయిన షెడ్డు పటాన్‌చెరు పారిశ్రామికవాడల ఒక గల్లీ చివర. పైన రేకులు, లోపల ఒక లేతు, ఒక మిల్లింగు మిషను. ఆయనది కూడ మన వాడే. ఐటీఐల టర్నర్ చదివిండు. ఇరవై ఆరేండ్ల సంది కంపెనీలల కాంట్రాక్టు కిందనే ఉన్నడు. పగలు పన్నెండు గంటల షిఫ్టు, రాత్రి ఈ షెడ్డు. నేను అన్నా అన్న. ఆయన నన్ను సార్ అనుడు ఎంత చెప్పినా మానలేదు.

విరిగిన ముక్కను గుడ్డతోని తుడిచి బల్బు కింద పెట్టిండు. "ఇది ఏం చెప్తుందో చూడు సార్" అన్నడు. విరిగిన ముఖం మీద రెండు రకాల ఇనుము ఉంది. ముప్పావు వంతు నున్నగ, నల్లగ, ఆల్చిప్ప మీది గీతల తీరు వంపులు వంపులుగ ఉంది. ఒక మూలకు కొంచెం జాగ మాత్రం గరుకుగ, తెల్లగ, చక్కెర పలుకుల లెక్క మెరుస్తుంది.

"ఈ మెరిసేది సదాశివపేటల విరిగింది. ఈ నల్లది ఏండ్ల కిందనే విరిగింది. చాబీ గాడి మూల కాడ చిన్న పగులు పుట్టింది. బండి నడిచినప్పుడల్ల ఒక గీత ముంగటికి జరిగింది. నూనె, తుప్పు లోపలికి పోయినయి. ఆఖరికి ఈ పిసరంత మిగిలింది. అదే ఇన్ని రోజులు మీ నాయినను మోసింది."

"ఎందుకు పుట్టింది అన్నా?"

"చక్రం హబ్బు రాడ్డు కొస మీద బిగుతుగ కూసోవాలె. కొస సన్నగ దిగుతది, దాని మీద నట్టు. నట్టు కొంచెం వదులైతే బరువంత చాబీ మీద పడతది. అది గాడి మూలను కొడ్తనే ఉంటది. ఆ మూల కోసుగ ఉంటే ఇంక చెప్పే పని లేదు."

తెలుగుల ఎన్నో విమర్శ వ్యాసాలు చదివిన నేను. ఒక పాఠాన్ని అంత శ్రద్ధగ చదివినోన్ని ఈ మధ్యల చూడలే. భద్రిరాజు కృష్ణమూర్తి గారు రైతుల నోటి మాటలు పోగుచేసిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962ల వచ్చింది. మా తరానికి అది పెద్ద దిక్కు. ఇసువంటి షెడ్డుల మాటలను కూడ ఎవరన్న అట్ల కూసొని రాసుకోవాలె. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు కలిసి పుట్టిన ఆ భాష మన పిల్లల తల్లిదండ్రులది.

నేను బజార్ల కొన్న పొట్టి రాడ్డు, మా జీపుల మంచిగనే ఉన్న కుడి రాడ్డు, రెండూ చూపించిన. రెండింటికీ ఎర్రటి ద్రవం పూసి, కాసేపు ఆగి తుడిచి, పైన తెల్ల పొడి కొట్టిండు. రెండు నిమిషాలకు తెల్లదనంల నుంచి ఎర్ర గీత సన్నగ బయటికొచ్చింది. రెండింటికీ, అదే చాబీ గాడి మూల కాడ. "రెండూ చేయాలె సార్" అన్నడు.

స్టీలు ఈఎన్24. నికెల్, క్రోమియం, మాలిబ్డినం కలిసింది. బాలానగర్ నుంచి టెస్టు సర్టిఫికెట్‌తోని తెచ్చిన. అయినా ఆయన గ్రైండింగు రాయికి తాకించి నిప్పురవ్వలు చూసినంకనే లేతుకెక్కించిండు. పళ్లు కోసిన రాత్రి నేను అక్కడనే ఉన్న. ఇండెక్సింగు హెడ్డుల కడ్డీ పెట్టి పిడిని నలభై చుట్లు తిప్పితే కడ్డీ ఒక్క చుట్టు తిరుగుతది. పది పళ్లంటే పంటికి సరిగ్గ నాలుగు చుట్లు. "పంతొమ్మిదైతే రెండు చుట్ల మీద పంతొమ్మిదింట రెండొంతులు తిప్పాలె. దానికి పంతొమ్మిది బొక్కల ప్లేటు కావాలె" అని నవ్విండు. ఆ లెక్క కాయితం మీద వేసుకోలేదు. చాబీ గాడి మూలలను ఈసారి కోసుగ ఉంచలేదు, గుండ్రంగ తీసిండు. "పాతదాని తప్పు కొత్తదానికి ఎందుకు?" అన్నడు.

నాయిన ఒకరోజు షెడ్డుకు వచ్చి ముచ్చట పెట్టిండు. పాత బండ్లల నూనె బయటికి కారకుంట ఆపే సీలు తోలుతోని చేసేటోళ్లు, రబ్బరువి తర్వాత వచ్చినయి. మా తాత మోట బొక్కెన తొండం కుట్టేటోడు, చుక్క నీళ్లు కారేటివి కావట. "నూనెకైనా నీళ్లకైనా తోలు పని తోలు పనే. అదే పని కంపెనీల చేస్తే టెక్నీషియన్, ఊర్ల చేస్తే మాదిగోడు" అన్నడు. నేను రాసుకున్న.

ఏప్రిల్ 11 నాడు రాడ్లు కొలిమి నుంచి వచ్చినయి. అంటే ఎర్రగ కాల్చి నూనెల ముంచి, మళ్ల తక్కువ వేడి మీద కాల్చి బిరుసు తగ్గించి పంపిండ్రు. డయల్ పెట్టి తిప్పి చూస్తే పొడుగుది వేడికి కొంచెం వంగింది. సాపు చేసి, బేరింగు జాగ, కొస, రెండూ గ్రైండు చేయాలె. 16కు ముందు కాదన్నడు.

12 నాడు రాత్రి వాడల మీటింగు. పిల్లలు గరం మీదున్నరు. "విరిగినదానికే వెల్డింగు పెట్టిద్దాం. ఒక్క రోజే కద. నడిచే స్పీడే కద. చావడి దాటినంక విరిగినా పరవా లేదు" అన్నరు. ఒక మెకానిక్ సరే అన్నడు కూడ. నా మనసు కూడ అటే గుంజింది. ఊరంత తెలిసిపోయింది. ఈసారి పోకపోతే, వాళ్లు ఏమనుకుంటరో మాకు తెలుసు.

టర్నర్ అన్నకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టిన. ఆయన ఎక్కువ మాట్లాడలే. "నడిచే స్పీడే సార్. మరి పక్కన నడిచేదెవరు? మన పిల్లలే. ఆ స్టీలుకు వెల్డింగు పెడితే దాని పక్కనే పెళుసైతది. చక్రం ఊడితే బండి పిల్లల మీదికి వంగుతది." కాసేపు ఆగి మళ్ల అన్నడు, "ఒక్క రోజే కద అనే మాట ఈ బెల్టుల రోజూ వింట సార్."

2025 జూన్ 30 నాడు పాశమైలారంల ఒక ఫ్యాక్టరీల జరిగిన పేలుడుల నలభై మందికి పైగ పోయిండ్రు. చాలామంది పొట్టచేత పట్టుకొని వేరే రాష్ట్రాల నుంచి వచ్చినోళ్లు. అది ఎందుకు జరిగిందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. కానీ ఆ షెడ్డు గోడకు, ఆ వారం పేపర్ల పడ్డ ఫొటో ఒకటి అంటించి ఉంది. దాని కింద ఆయన రోజూ పని చేస్తడు.

నేను వద్దన్న. "లెక్చరర్ సాబ్ నౌకరీ గురించి భయపడుతున్నడు" అని ఒక తమ్ముడు మొఖం మీదనే అన్నడు. జవాబు చెప్పలేదు. చెప్తే కొట్లాట అయ్యేది. నాయిన లేచి, "బండి నాది. నేను తోల" అన్నడు. మీటింగు అయిపోయింది.

14 నాడు బాబాసాహెబ్ ఫొటోను భుజాల మీద మోసుకొని, డప్పుతోని, చావడి ముంగట్నుంచే నడిచినం. ఎవరూ ఆపలేదు. కొందరు తలుపులు వేసుకున్నరు. ఇద్దరు ముసలోళ్లు చెయ్యెత్తి దండం పెట్టిండ్రు. దీన్ని గెలుపు అంటారో లేదో మీరే చెప్పండి. జీపు లేదు కనుకనే మీకు ఫొటోలల జీపు కనబడలేదు. సంగతి ఇదే.

మే మొదటి వారంల రాడ్లు ఎక్కించినం. కొసకు నీలిరంగు పూసి హబ్బు తొడిగి తీసి చూసిండు అన్న, రంగు అంతటా సమంగ అంటిందా లేదా అని. రెండుసార్లు రుద్దినంక ఒప్పుకున్నడు. రెండింటికి కలిపి తొమ్మిది వేలు. మజూరీ సగమే తీసుకున్నడు. వద్దంటే, "నా బిడ్డ మీ కాలేజీలకు వస్తది సార్, అప్పుడు చూసుకోండి" అన్నడు.

ఆదివారం ఆయనను ముందు సీట్ల కూసోబెట్టుకొని నాయిన ఊర్లకు తోలిండు. నేను వెనక. చావడి ముంగట జీపు ఆగింది, బ్రేకు చూసుకునేందుకు. అక్కడ నలుగురు చీట్లాడుతున్నరు. ఒకాయన తలెత్తి, "నడుస్తుందారా ఇంక ఇది?" అని నాయినను అడిగిండు. డెబ్బై ఏండ్ల మనిషిని 'రా' అనుడు పోలేదు. నాయిన, "మా పిలగాండ్లే ఇరుసు చేసిండ్రు, మా బిరుసుగుంది" అని గేరేసిండు.

విద్యార్థి మిత్రులకు ఒక్క మాట. మన పోరాటంల పాటలు రాసేటోళ్లు కావాలె, కేసులు వాదించేటోళ్లు కావాలె. పళ్లు లెక్కపెట్టేటోళ్లు కూడ కావాలె. వాళ్లు మన ఇండ్లల్లనే ఉన్నరు, పన్నెండు గంటల షిఫ్టు చేసి వచ్చి పండుకున్నరు. మన మీటింగు కరపత్రాల మీద వాళ్ల పేర్లు వక్తలుగ ఎన్నడన్న వేసినమా? నేను వెయ్యలేదు. వచ్చే నెల కాలేజీ సదస్సుల ఆ అన్న మాట్లాడుతడు. విరిగిన ముక్క తెస్తనన్నడు.

పోయేముందు అన్న ఒకటి గట్టిగ చెప్పిండు: కొత్త రాడ్డు కదా, నూరు కిలోమీటర్లు తిరిగినంక హబ్బు సదురుకుంటది, నట్టు మళ్ల బిగియ్యాలె, మర్చిపోవద్దు అని. నిన్నటికి నూట రెండు అయినయి. పొద్దుగాల నాయిన, నేను పానా పట్టుకొని బిగించినం. సగం చుట్టు తిరిగింది.

జై భీమ్.